మీ చేను కింద నీళ్లు దిగుతాయా? గొయ్యి తవ్వి మట్టిని చదివే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

నాలుగేళ్ల కిందట గోదావరి పాయ వశిష్ఠ ఏటిగట్టుకి దగ్గర్లో ఉన్న మా చేలో, అరవై సెంట్లలో, 65 నిమ్మ మొక్కలు వేశాను. అంతకుముందు ముప్పై ఏళ్లు ఆ చేలో వరి తప్ప ఇంకోటి పండలేదు. మట్టి పరీక్ష చేయించాను, కార్డులో చెప్పుకోదగ్గ లోపం ఏదీ రాలేదు, సలహా చెప్పినాయన కూడా కార్డు చూసి "భేషుగ్గా ఉందండి, వేసేయండి" అన్నారు. అక్టోబరు వానలకి చేను పది రోజులు తడిసి ముద్దయింది, నవంబరు కల్లా ఆకులు పసుపు తిరిగాయి, సంక్రాంతి నాటికి 40 మొక్కలు పోయాయి. ఒకదాన్ని పీకి చూస్తే వేరు మీద తొక్క తొడుగులా చేతికి ఊడొచ్చింది, కుళ్లిన కోడిగుడ్డు వాసన. గొయ్యి అప్పుడు తవ్వాను. మొక్క పెట్టకముందు తవ్వాల్సింది.

కార్డుది తప్పని నేననను. 2015 నుంచి ఇస్తున్న సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, సేంద్రియ కర్బనం, పీహెచ్, నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే ఈసీ. వరి లాంటి పైర్లకైతే ఆ మట్టిని పైనున్న ఆరంగుళాల్లోంచే తీస్తారు. ఆ కింద గట్టి పొర ఉందా, నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయి, ఎన్నాళ్లు ఆగుతున్నాయి అనేది కార్డులో ఉండదు. వరికి అది పెద్దగా అక్కర్లేదు కూడా. కొబ్బరిలో కోకో వేసుకోవాలన్నా, వరిచేను మార్చి నిమ్మో జామో పెట్టాలన్నా అసలు తెలియాల్సింది అదే, అది తెలుసుకోవడానికి పార, గునపం, ఒక రోజు కూలీ చాలు.

నా గోడు విని, అమెరికాలో విస్కాన్సిన్‌లో ఉంటున్న మా అన్నయ్య కొడుకు ఒకరోజు వీడియో కాల్ చేశాడు. వాళ్ల వీధి చివర ఇంటి పునాది తవ్వుతున్నారట. "బాబాయ్, ఈ గోడ చూడు, పైనంతా ఒక్క రాయి లేదు, కిందికెళ్లేసరికి అన్నీ రాళ్లే" అని ఫోను గోతి వైపు తిప్పాడు. పైన జానెడు ముదురు మట్టి, దాని కింద నడుము లోతు దాకా మెత్తటి గోధుమరంగు మట్టి, ఆ కింద ఇసుక, బంకమన్ను, గులకలు, తలకాయంత రాళ్లు అన్నీ కలిపి కూరినట్టున్న మట్టి. ఆ కింద ఉన్నదాన్ని గ్లేషియల్ టిల్ అంటారు. మంచుయుగంలో ఉత్తర అమెరికా మీద పరుచుకున్న మంచు పలక కదులుతూ దారిలో దొరికిన ప్రతిదాన్నీ ఈడ్చుకొచ్చి, కరుగుతూ అక్కడే వదిలేసింది. నీరు మోసుకొస్తే పెద్ద రాయి ముందు, ఇసుక తర్వాత, ఒండ్రు చివర్న దిగుతాయి. మంచుకి ఆ వరస లేదు, పిండి నుంచి బండ దాకా ఒకే చోట పడేస్తుంది. పైన మెత్తగా ఉన్నది లోయెస్. మంచు కరిగిన నీళ్లు పారిన నదుల ఒడ్డున ఆరిపోయిన సన్నటి ఒండ్రుని గాలి ఎత్తి తెచ్చి పరిచింది, గాలి రాళ్లు మోయలేదు కాబట్టి అందులో రాళ్లుండవు. అక్కడి సర్వేలో ఇలాంటి నేలల్లో ఒకదానికి డాడ్జ్ సిరీస్ అని పేరుంది: అర మీటరు నుంచి మీటరు దాకా లోయెస్, కింద సున్నం ఉన్న టిల్, బాగా నీరు దిగే నేల.

మన డెల్టాలో టిల్లూ లేదు, లోయెసూ లేదు. (ఎగువన ప్రాణహిత, గోదావరి లోయలో తాల్చేర్ అనే పొరల్లో దాదాపు 30 కోట్ల ఏళ్ల నాటి మంచు తెచ్చిన గుండ్రాళ్లున్నాయి, కానీ అవి ఎప్పుడో రాయిగా బిగిసిపోయాయి, మన చేలకి సంబంధం లేదు.) అయినా ఆ గోతిని ఇక్కడికి ఎందుకు తెచ్చానంటే, నేలల వర్గీకరణకి మన దేశంలోనూ వాడే సాయిల్ టాక్సానమీని తయారుచేసింది అమెరికా వాళ్లు, 1975లో. "వెల్ డ్రెయిన్డ్" అనే మాటకి కొలత వాళ్లదే. ఆ మాట వర్తించే గొయ్యి ఒకటి కళ్ల ముందుంటే మన గోతిలో ఏం తేడా ఉందో ఇట్టే తెలుస్తుంది.

ఎప్పుడు, ఎక్కడ తవ్వాలి

వేసవిలో కాలవలు కట్టేశాక, మే నెలలో తవ్వండి. దాళ్వా కోత అయిపోయి చేను ఆరి ఉంటుంది, గోడలు నిలబడతాయి, రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. నీళ్లు ఎంత ఎత్తుకి వస్తాయో తెలియడానికి మాత్రం వానాకాలం కావాలి, దాని సంగతి కింద చెప్తాను.

చేలో సగటుగా ఉన్న చోటు ఎంచుకోండి. గట్టు పక్కన, బోదె పక్కన, పాత కళ్లం ఉన్న చోట, గడ్డిమేటు వేసిన చోట వద్దు. మెరక, పల్లం రెండూ ఉన్న చేనైతే రెండు గోతులు తప్పవు, మన డెల్టాలో అడుగు ఎత్తు తేడా అంటే వేరే నేల కిందే లెక్క. కోనసీమలో ఇంకో సంగతుంది: సముద్రం వెనక్కి జరుగుతూ వదిలిన పాత ఇసుక దిబ్బలు ఊళ్ల మధ్యకి చొచ్చుకొచ్చి ఉన్నాయి, దిబ్బ మీద కొబ్బరి తోట, పక్క పల్లంలో వరి, మధ్య దూరం వంద గజాలు కూడా ఉండదు. అక్కడ పక్క రైతు గొయ్యి చూసి మీ చేను గురించి చెప్పడానికి లేదు.

డెల్టాలో చమురు, గ్యాస్ పైపులైన్లు చేల కిందుగా పోతున్నాయి. గుర్తు రాళ్లు, బోర్డులు ఉన్న దారి దగ్గర గునపం వేయొద్దు. ఈ ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

తవ్వడం

పొడవు 5 అడుగులు, వెడల్పు 3 అడుగులు, లోతు 5 అడుగులు. మీరు చూడబోయే గోడ మీద పొద్దున ఎండ పడేలా పెట్టుకోండి. ఆ గోడ అంచు మీద ఎవరూ నిలబడకూడదు, మట్టి అటు పోయకూడదు. దానికి ఎదురు వైపు మెట్లు వదలండి. పై మట్టి ఒక కుప్ప, కింది మట్టి ఇంకో కుప్ప, రెండూ గోతికి రెండడుగుల దూరంలో ఉండాలి, పూడ్చేటప్పుడు ఇది అక్కరకొస్తుంది. ఇసుక నేలైతే నిలువుగా మూడడుగులకి మించి దిగొద్దు, గోడ చెప్పకుండా జారుతుంది. పల్లంలో నాలుగడుగులకే నీళ్లు ఊరితే అక్కడ ఆపి ఆ లోతు రాసుకోండి. ఒంటరిగా గోతిలోకి దిగొద్దు. రాత్రి వదిలేస్తే పొద్దున ముందు టార్చి వేసి చూసి దిగండి, కట్లపాము చల్లదనానికి వస్తుంది.

తవ్వాక గోడ నున్నగా కనిపిస్తుంది, ఆ నునుపు పారది, మట్టిది కాదు. కత్తి మొనతో గోడని పైనుంచి కిందికి చిన్న చిన్న పెళ్లలుగా పీకండి, మట్టి తనంతట తాను విరిగే చోటే విరగాలి. తర్వాత పై అంచు నుంచి ఒక టేపు వేలాడదీయండి. స్ప్రేయర్‌తో సగం గోడని తడపండి, సగం పొడిగా ఉంచండి. రంగు తడి మీద చూడాలి.

పొరలు విడదీయడం

కళ్లు సగం మూసి చూస్తే రంగు మారే చోట్లు తేలతాయి. కత్తి మొనని పైనుంచి కిందికి ప్రతి రెండంగుళాలకీ గుచ్చుతూ రండి, గట్టిదనం మారే చోటు చేతికి తెలుస్తుంది. మా చేలో మొదటి ఆరంగుళాలూ కత్తి వెన్నలోకి దిగినట్టు దిగింది, ఏడో అంగుళం దగ్గర ఠక్కున ఆగింది, నాలుగంగుళాల మందం దాటాక మళ్లీ మెత్తగా దిగింది. అది దమ్ము పొర. ఏటా రెండుసార్లు నీళ్లలో దమ్ము చేసి, ట్రాక్టరు చక్రాలతో తొక్కి, కిందున్న మట్టిని మనమే గచ్చులా బిగించేశాం. వరికి అదే వరం, నీళ్లు నిలబెట్టేది అదే. నిమ్మ వేరు దాని మీదికి వచ్చి, అడ్డం తిరిగి, పక్కకి పాకింది. గోడలో ఆ వేరు అలాగే కనబడింది, నిలువుగా ఆరంగుళాలు దిగి, అక్కణ్ణుంచి కొట్టినట్టు అడ్డంగా.

పొరలకి పేర్లు పెట్టడం కష్టం కాదు. సేంద్రియ పదార్థంతో నల్లబడిన పై పొర ఏ (A), దున్నితే ఏపీ (Ap). దాని కింద మార్పు చెందిన పొర బీ. ఇంకా మారకుండా, నది తెచ్చినట్టో మంచు తెచ్చినట్టో ఉన్నది సీ. విస్కాన్సిన్ గోతిలో బీ పొరకి పక్కన చిన్న టీ అక్షరం ఉంటుంది, పైనుంచి వాననీటితో కొట్టుకొచ్చిన బంకమన్ను అక్కడ చేరి, మట్టి పెళ్లల ముఖాల మీద మైనం పూసినట్టు సన్నటి పూత కట్టిందని అర్థం. అలా కట్టాలంటే నీరు కిందికి దిగాలి, వేల ఏళ్లు దిగాలి. మన లంక భూముల్లో అది కనబడదు, మొన్నటి వరద తెచ్చిన మట్టికి అంత వయసు లేదు. లంకల్లో గోడ చూస్తే పుస్తకం అట్టల్లా పొర మీద పొర, ఒక వరదది సన్నిసుక, ఇంకో వరదది ఒండ్రు, గీతలు గీతలుగా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే లంక ఒండ్రూ లోయెసూ దాదాపు ఒకేలా పొడిపొడిగా, మెత్తగా ఉంటాయి, కానీ లోయెస్‌లో ఈ గీతలుండవు.

రంగు: ఇక్కడే నిదానంగా చూడాలి

మట్టిలో ఇనుముంటుంది. గాలి ఆడుతున్నంత కాలం ఆ ఇనుము తుప్పు రూపంలో మట్టి రేణువుల మీద పూతలా ఉండి గోధుమరంగునో ఎరుపునో ఇస్తుంది. నీళ్లు నిండి గాలి అయిపోతే, మట్టిలోని సూక్ష్మజీవులు ఊపిరికి ప్రాణవాయువు లేక ఆ తుప్పు ఇనుముని వాడుకుంటాయి, అప్పుడది నీళ్లలో కరిగే రూపంలోకి మారి అక్కణ్ణుంచి జారిపోతుంది. మిగిలేది బూడిద రంగు. కరిగిన ఇనుము, గాలి తగిలే చోటికి, అంటే వేరు పోయిన బెజ్జానికో నెర్రె అంచుకో చేరాక మళ్లీ తుప్పవుతుంది, నారింజ రంగు మచ్చలు పడతాయి. వరి వేరుని పీకి చూడండి, చుట్టూ తుప్పు గొట్టంలా కట్టి ఉంటుంది, అదే ఇది. బూడిద రంగులో నారింజ మచ్చలుంటే, ఏటా కొన్నాళ్లు అక్కడ నీళ్లు నిలుస్తున్నట్టు. మీరు మే నెలలో ఎండిన గోతిలో నిలబడి చూసినా సరే, నవంబరులో ఏం జరిగిందో ఆ గోడ చెబుతుంది.

కొలత సుమారుగా ఇలా పెట్టుకోండి. మీటరు లోతు దాకా బూడిద మచ్చలు లేకపోతే బాగా నీరు దిగే నేల, వెల్ డ్రెయిన్డ్. అర మీటరుకీ మీటరుకీ మధ్య మొదలైతే ఒక మోస్తరు. జానెడు దాటాక అర మీటరు లోపే మొదలైతే దిగడం తక్కువ. పైనుంచే అంతా బూడిదగా ఉంటే నీళ్ల నేల, వరికి తప్ప వదిలేయండి. ఇటు అంచున మరీ ఎక్కువ దిగే నేల కూడా ఉంటుంది, కోనసీమ ఇసుక దిబ్బలు అదే కోవ. ఇసుకని బాగా నీరు దిగే నేల అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. బాగా నీరు దిగే నేల అంటే అదనపు నీరు వదిలేసి, వేరుకి కావాల్సింది పట్టి ఉంచేది, ఆ విషయంలో టిల్ మీద లోయెస్ ఉన్న నేల పెట్టింది పేరు. పై లోయెస్ స్పాంజిలా నీరు పట్టుకుంటుంది, రాళ్లు లేవు కాబట్టి వేరు హాయిగా దిగుతుంది.

నల్లరేగడిలో మాత్రం జాగ్రత్త. ఆ నలుపు దానికి పుట్టుకతో వచ్చింది, అందులో బూడిద రంగు దాక్కుంటుంది. గోదావరి పడమటి కనుమల్లో త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు వచ్చేలోపు దక్కన్ నల్లరాయి అరిగిన మట్టిని తెచ్చి ఇక్కడ పోసింది, మన పల్లపు చేలలో బంకమన్ను చాలావరకు అదే. దాన్ని పెళ్లలుగా విరిచి లోపలి ముఖం మీద నీళ్లు చల్లి చూడండి. వేరు బెజ్జాల చుట్టూ తుప్పు గీతలు, ఆవగింజంత నల్లటి గుండ్లు కనబడితే తడి, ఆరుదల మారి మారి వస్తున్నాయని గుర్తు. పెళ్ల ముఖం అద్దంలా మెరుస్తూ, ఒకే వైపు గీసినట్టు గీతలు ఉంటే మట్టి ఉబ్బి ఒకదాని మీద ఒకటి జారుతోందని. ఇంగ్లీషులో వాటిని స్లికెన్‌సైడ్స్ అంటారు, పేరు పెట్టేటప్పుడు కావాలి.

బూడిద రంగు పైన ఉందా, కింద ఉందా?

నాకు తెలిసి ఎవరూ చెప్పనిది, నేను మొక్కలు పోగొట్టుకుని నేర్చుకున్నది ఇది. మా గోతిలో దమ్ము పొరకి పైన అంతా బూడిద, నారింజ మచ్చలు. గట్టి పొర దాటగానే, పది అంగుళాల కింద, చక్కటి గోధుమరంగు గరప మట్టి (ఇసుక, ఒండ్రు, బంక కలిసింది), నాలుగున్నర అడుగుల దాకా ఒక్క మచ్చ లేదు! ఏటిగట్టు పక్క చేను కదా, గోదారి పొంగినప్పుడల్లా మెరక కట్టిన నేల, పుట్టుకతో మంచి నేల. పైన గచ్చు వేసి దాన్ని మనమే నీళ్ల నేల చేశాం.

మా బావగారి చేను అక్కడికి రెండు కిలోమీటర్లు, మురుగు కాలవ వైపు. ఆయన గోతిలో రంగు సరిగ్గా తిరగబడి ఉంది. పైన అడుగుకి కొంచెం మించి ముదురు గోధుమ రంగు, అక్కణ్ణుంచి కిందికి పోయేకొద్దీ బూడిద ముదురుతూ, నాలుగడుగుల దగ్గర నీలం కలిసిన బూడిద. అక్కడ నీళ్లు పైనుంచి ఆగడం లేదు, కిందనుంచి లేస్తున్నాయి.

రెండు చేలలోనూ మొక్కలు చచ్చేది ఒకే రకంగా, ఆకులు ఒకేలా పసుపు తిరుగుతాయి. మందు మాత్రం ఒకటి కాదు. మా చేలో గట్టి పొర పగలగొడితే సరిపోతుంది. బావగారి చేలో గట్టి పొర పగలగొట్టినా లాభం లేదు, డ్రెయిన్ లోతు చేయాలి, లేదా మట్టి ఎత్తి దిబ్బల మీద వేయాలి. "నీ చేలో ట్రాక్టరు పెట్టి లోతుగా చీల్చించావు, నేనూ అదే చేయిస్తా" అని ఆయన బయల్దేరితే, "ఆగండి బావగారూ, ముందు గొయ్యి తవ్వుదాం" అని ఆపాను.

రంగు చూసినా నమ్మకం కుదరకపోతే వానాకాలంలో రెండు పైపులు పాతండి. అంగుళంన్నర పీవీసీ పైపు ముక్కలు రెండు తీసుకుని, అడుగు భాగం నాలుగంగుళాల మేర బెజ్జాలు వేసి గుడ్డ చుట్టండి. ఒకటి దమ్ము పొర మీద దాకా, ఆరంగుళాలు. ఇంకోటి నాలుగడుగులు. పొడవు పైపు చుట్టూ బంకమన్ను కూరి బిగించాలి, లేకపోతే పై నీరు పక్కనుంచి జారిపోయి లెక్క తప్పుతుంది. వారానికోసారి పుల్ల ముంచి కొలవండి. పొట్టి పైపులో నీళ్లుండి పొడవు దాంట్లో లేకపోతే నీరు గట్టి పొర మీద కూర్చుంది. పొడవు దాంట్లో నీళ్లు లేస్తూ లేస్తూ పొట్టి దాకా వచ్చాయంటే కింది నీరు. జులై నుంచి డిసెంబరు దాకా రాసుకుంటే ఏ పరీక్షా దీనికి సాటి రాదు.

చేతితో మట్టి రకం

ప్రతి పొర నుంచీ నిమ్మకాయంత మట్టి తీసి, తడిపి, ఉండ చేసి, బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కుతూ రిబ్బను లాగండి. అంగుళం లోపే తెగితే గరప, అంగుళం నుంచి రెండంగుళాల దాకా సాగితే బంక కలిసిన గరప, రెండు దాటి సాగితే బంకమన్ను. వేళ్ల మధ్య గరగరలాడితే ఇసుక. పొడిగా ఉన్నప్పుడు మైదాపిండిలా ఉండి, తడిపితే జారుతూ, అంటుకోకుండా, రిబ్బను పొలుసులుగా విరిగితే ఒండ్రు, అంటే సిల్ట్. వినాయక చవితికి బొమ్మ చేసే మట్టి తెలుసుగా, చెవి చేస్తే చెవిలా నిలబడుతుంది, అది బంకమన్ను. లంక మట్టితో బొమ్మ నిలవదు.

కొలత కావాలంటే సీసా పరీక్ష. ఖాళీ హార్లిక్స్ సీసాలో మూడో వంతు పొడి మట్టి, చెంచా బట్టల సబ్బుపొడి, మిగతా నీళ్లు. పది నిమిషాలు బాగా ఊపి కదలకుండా పెట్టండి. నిమిషానికి దిగింది ఇసుక, రెండు గంటలకి దాని మీద చేరింది ఒండ్రు, ఒకటి రెండు రోజులకి తేరుకున్నది బంకమన్ను. సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లు బోరు నీళ్లు వాడొద్దు, ఉప్పు తగిలితే బంకమన్ను గడ్డకట్టి త్వరగా కూర్చుంటుంది, లెక్క తప్పుతుంది, తాగే నీళ్ల టిన్ను వాడండి. మన నల్లమన్ను నీళ్లలో ఉబ్బుతుంది కాబట్టి సీసాలో కనబడినంత శాతం నిజంగా ఉండదు, అంచనాకే పనికొస్తుంది.

సున్నం, ఉప్పు

మట్టి మీద వెనిగర్ చుక్కలు వేసి చెవి దగ్గర పెట్టుకోండి. చిటపటలాడితే సున్నం ఉంది. విస్కాన్సిన్ నేలలో పై లోయెస్‌లో శబ్దం రాదు, వానలకి సున్నం కడిగిపోయింది, కింది టిల్‌లో వస్తుంది. మన నల్లమట్టిలో సున్నపు గులకలు చాలాచోట్ల పైదాకా ఉంటాయి.

చౌడుకి ఒక తేలిక పరీక్ష: శనగగింజంత పొడి పెళ్లని గ్లాసులోని వాననీళ్లలో కదపకుండా వేసి గంట చూడండి. చుట్టూ పాలలా మబ్బు కమ్మితే సోడియం ఎక్కువుందన్నమాట, పీహెచ్ 8.5 దాటి ఉండొచ్చు, దాన్ని సరిచేయడానికి జిప్సం ఎంత వేయాలో ల్యాబ్ రిపోర్టు చూసి తేల్చుకోవాలి. పెళ్ల విరిగి ముక్కలైనా నీళ్లు తేటగా ఉంటే భయం లేదు. కానీ ఉప్పు కూడా ఎక్కువున్న నేలలో ఈ మబ్బు రాకపోవచ్చు, అందుకే తీరం వైపు ఈసీ కొలిపించడం తప్పదు, మట్టిని నీళ్లతో ముద్దగా తడిపి పిండిన ద్రావణంలో (సాచురేషన్ ఎక్స్‌ట్రాక్ట్) అది మీటరుకి 4 డెసీసీమెన్లు దాటితే ఉప్పు నేల.

ఇప్పుడు పేరు

సాయిల్ టాక్సానమీలో 12 వర్గాలున్నాయి, వాటిని ఆర్డర్లు అంటారు. పేర్లు చూస్తే భయం వేస్తుంది గానీ తెలుగువాళ్లకి ఇది తేలిక, ఎందుకంటే మన మాటల్లోలాగే అసలు సంగతి చివర ఉంటుంది. "గట్టు మీది కొబ్బరి చెట్టు" అంటే చివరికి అది చెట్టు. అలాగే చివర్నుంచి చదవండి.

డాడ్జ్ నేల పూర్తి పేరు: ఫైన్-సిల్టీ, మిక్స్డ్, సూపర్‌యాక్టివ్, మెసిక్ టిపిక్ హాప్లుడాల్ఫ్స్. చివర ఆల్ఫ్ అంటే ఆల్ఫిసాల్, బంకమన్ను కిందికి దిగి చేరిన పొర ఉండి, సారం ఇంకా కడిగిపోని నేల. దాని ముందు ఉడ్, ఏడాదిలో ఎక్కువ భాగం తేమ ఉండే వాతావరణం. హాప్ల్, ప్రత్యేక లక్షణాలేవీ లేని మామూలు రకం. టిపిక్, ఆ రకానికి అచ్చమైన నమూనా. మెసిక్, నేల సగటు ఉష్ణోగ్రత 8 నుంచి 15 డిగ్రీల మధ్య. సూపర్‌యాక్టివ్, ఆ బంకమన్నుకి పోషకాలు పట్టే శక్తి చాలా ఎక్కువ. మిక్స్డ్, ఖనిజాల్లో ఏ ఒక్కటీ పెత్తనం చేయదు. ఫైన్-సిల్టీ, ఒండ్రు ఎక్కువ, బంకమన్ను 18 నుంచి 35 శాతం లోపు. బూడిద మచ్చల వల్ల వచ్చే ఆక్వ్ అనే ముక్క ఈ పేరులో ఎక్కడా లేదు చూడండి, బాగా నీరు దిగుతుందని అలా తెలుస్తోంది.

మన దగ్గరికి వద్దాం. అర మీటరు దాకా బంకమన్ను 30 శాతం పైన ఉండి, ఏటా నెర్రెలు విచ్చి మూసుకుంటూ, మెరిసే పెళ్లలుంటే వెర్టిసాల్, పేరు చివర ఎర్ట్ వస్తుంది. ఏడాదిలో కొన్నాళ్లు ఎండే వాతావరణానికి ఉస్ట్ కలిపితే హాప్లుస్టర్ట్, మన నల్లరేగడి. వరద పొరలు గీతలుగా ఉన్న లంక ఎంటిసాల్, చివర ఎంట్, నది తెచ్చింది కాబట్టి ఫ్లువ్ చేరి ఉస్టిఫ్లువెంట్. ఇసుక దిబ్బ ఉస్టిసామెంట్. పొరల్లో మార్పు మొదలై ఇంకా పూర్తిగా ముదరని గరప నేల ఇన్సెప్టిసాల్, హాప్లుస్టెప్ట్. మా బావగారి పల్లం లాంటి చోట్ల పేరులో ఆక్వ్ వస్తుంది, దాని ముందు ఎండో ఉంటే కిందనుంచి అంతా తడి, ఎపి ఉంటే పైన ఆగిన తడి. నేను పైన చెప్పిన తేడా కోసం వర్గీకరణ చేసినవాళ్లు ముందే రెండు ముక్కలు పెట్టుకున్నారు! ఉష్ణోగ్రత దగ్గర మెసిక్ బదులు మనది హైపర్‌థెర్మిక్ కోవ, 22 డిగ్రీల పైన, వేసవికీ శీతాకాలానికీ తేడా 6 డిగ్రీల లోపైతే ముందు ఐసో చేరుతుంది.

గోతిలో మీరు పెట్టే పేరు అంచనాయే. ల్యాబ్ లెక్కలు, నాగపూర్ కేంద్రంగా ఉన్న జాతీయ నేలల సర్వే సంస్థ పటాలు చూస్తే అది గట్టిపడుతుంది. కానీ చివరి అక్షరాలూ ఆక్వ్ ఉందా లేదా అన్నదీ మీ అంతట మీరు తేల్చుకోగలిగితే, ఏ మొక్క పెట్టాలో నిర్ణయించడానికి అది చాలా వరకు సరిపోతుంది.

తర్వాత ఏం చేశాను

మా చేలో వేసవిలో, మట్టి బాగా ఎండాక, రెండడుగుల లోతు వెళ్లి గట్టి పొరని చీల్చే సబ్‌సాయిలర్ నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వేయించాను. తడి మీద వేస్తే పొర పగలదు, కోసుకుపోయి మళ్లీ మూసుకుంటుంది. ఏడాది జనుము వేసి కలియదున్నాను. రెండో ఏడు మొక్క చోట మూడడుగుల గొయ్యి, పైన అడుగున్నర ఎత్తు మట్టి దిబ్బ, వరసల మధ్య మురుగు బోదె. పొట్టి పైపులో నీళ్లు ఇప్పుడు వాన వెలిసిన రెండో రోజుకే ఇంకిపోతున్నాయి, ఒకప్పుడు పది రోజులు ఉండేవి. చేను చుట్టూ వరి ఉండి, పక్క చేను నీళ్లు ఊరి వస్తుంటే ఇదంతా వృథా, ముందు గట్టు పక్కన రెండడుగుల బోదె తీయించుకోండి.

చూడ్డం అయిపోయాక గొయ్యి పూడ్చండి, కింది కుప్ప ముందు, పై కుప్ప చివర. అడుగుకోసారి కాలితో తొక్కి, మిగిలిన మట్టిని పైన దిబ్బగా వదిలేయండి, వానలకి అది మెల్లగా దిగుతుంది.